గుల్జార్ హౌజ్ పద్ధతిలో పార్కు ఫౌంటెన్: నాలుగు కాలువలు దేనికి గుర్తు, నీళ్లు నాలుగు వైపులా సమంగా పారాలంటే ఏం చేయాలి?

తోటగేటు
మా కాలనీ పార్కు నడుమ ఎండిపోయిన గుండ్రటి తొట్టి ఒకటి ఉంది. అడ్డం 5 మీటర్లు, లోతు 45 సెంటీమీటర్లు. దాన్ని మళ్లీ ఫౌంటెన్ చేయాలని కమిటీ తీర్మానించింది. కాంట్రాక్టర్ ఇచ్చిన నక్షాలో నడుమ 6 మీటర్లు లేచే ఒక్క ధార, అడుగున నీలం టైల్స్, రంగు లైట్లు, తొట్టి నుంచి నాలుగు వైపులా 8 మీటర్ల చొప్పున 30 సెంటీమీటర్ల వెడల్పు కాలువలు ఉన్నాయి. పైన 'గుల్జార్ హౌజ్ మోడల్' అని రాశారు. ఆ పేరుకు ఈ నక్షా తగినదేనా? నాలుగు కాలువలు దేనికి గుర్తు? ఏం మారిస్తే పేరు నిలుస్తుంది? ఆదివారం కమిటీ ముందు పెట్టాలి, లెక్కలతో సహా చెప్పండి.

కమాన్‌దారి
హైదరాబాద్ పాతబస్తీలోని ఈ హౌజ్‌కు, అంటే నీటి తొట్టికి, గుల్జార్ అనేది తర్వాత వచ్చిన పేరు. మొదటి పేరు చార్ సూ కా హౌజ్. ఫారసీలో సూ అంటే దిక్కు, వైపు. నాలుగు దిక్కుల తొట్టి అన్నమాట. మీ నక్షాలో ధార గురించి నాలుగు వాక్యాలు, దిక్కుల గురించి ఒక్క ముక్క. తేడా అక్కడే మొదలైంది.

ఈ హౌజ్‌ను విడిగా చూస్తే ఏమీ అర్థం కాదు. 1591లో, అంటే హిజ్రీ వెయ్యో సంవత్సరం దగ్గరపడుతున్నప్పుడు, మహమ్మద్ కులీ కుతుబ్ షా కొత్త ఊరు కట్టించాడు. పీష్వా (ప్రధానమంత్రి) మీర్ మోమిన్ అస్త్రాబాదీ వేసిన నక్షాకు ఆధారం రెండు పెద్ద బాటలు, ఒకదాన్నొకటి అడ్డంగా దాటడం. ఆ కూడలి మీద చార్మినార్. దానికి ఉత్తరాన జిలూఖానా అనే విశాలమైన చౌకు. చౌకుకు నాలుగు పక్కలా నాలుగు కమాన్లు (తోరణ ద్వారాలు), నట్టనడుమ హౌజ్. దక్షిణాన చార్మినార్ కమాన్, ఉత్తరాన మచ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్, పడమట షేర్-ఎ-బాతిల్ కమాన్. కాలీ కమాన్ మీద నగారాఖానా, అంటే నగారాలు మోగించే చోటు, ఉండేది. పడమటి కమాన్ దాటితే రాజమహళ్లు. దాని అసలు పేరు సెహ్ర్-ఎ-బాతిల్, మాయను విరిచేది అని అర్థం. నోళ్లలో నలిగి షేర్ అయింది.

1687లో గోల్కొండ మొఘలుల చేతికి పోయాక ఆ మహళ్లు నామరూపాల్లేకుండా పోయాయి. కమాన్లు, హౌజ్ మిగిలాయి. ఇవాళ హౌజ్ దగ్గర నిలబడి నాలుగు వైపులా తిరిగి చూస్తే లేని కోటను కూడా ఊహించుకోవచ్చు: ఇటు రాజు, అటు నగారా, ఇటు బజారు, అటు చార్మినార్. తొట్టి అక్కడ గుండుసూదిలా నక్షాను పట్టి ఉంచింది. అందుకే 6 మీటర్ల ధారకూ గుల్జార్ హౌజ్‌కూ చుట్టరికం కుదరదంటాను.

బాగ్‌బాన్
నాలుగు కాలువల గుర్తు చార్‌బాగ్ నుంచి వచ్చింది. తోటను నాలుగు మడులుగా చేసి, నడుమ నీళ్లు, నాలుగు వైపులా కాలువలు. ఖురాన్ 47వ సూరా 15వ ఆయత్‌లో స్వర్గంలో పారే నాలుగు రకాల నదులు చెప్పారు: నీళ్లవి, పాలవి, మద్యానివి, తేనెవి. నాలుగు కాలువలు ఆ నాలుగు నదులే. ఈ గీత ఇస్లాం కన్నా పాతది కూడా. ఇరాన్‌లో పసర్గడే దగ్గర సైరస్ తోటలో క్రీస్తు పూర్వం 6వ శతాబ్దపు రాతి కాలువలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఎండిన నేల మీద నీటిని చూపించడమే అక్కడ రాజ్యం, అదే స్వర్గం.

తొట్టికి ఎనిమిది పక్కలుంటే దానికీ ఒక అర్థం ఉంది. హష్త్ బిహిష్త్, ఎనిమిది స్వర్గాలు. చతురస్రం భూమికి, వృత్తం ఆకాశానికి గుర్తైతే ఆ రెంటికీ మధ్య మెట్టు అష్టకోణం.

చౌరస్తా
బాగ్‌బాన్ భాయ్, తోటకు మీరు చెప్పింది సరిపోతది. గుల్జార్ హౌజ్‌కు సరిపోదు. అది తోట కాదు, బజారు నడుమ చౌకు. ఇరాన్ బజార్లల్ల రెండు సందులు కలిసేచోట గుమ్మటం కట్టి దాన్ని చార్‌సూ అంటరు. చార్ సూ కా హౌజ్ ఆ మాటకే దగ్గర. మనం రోజూ అనే చౌరస్తా దానికి చుట్టమే. స్వర్గం తోటకు గోడ ఉంటది, గేటు ఉంటది, లోపలికి పిలిచినోళ్లే పోవాలె. చౌరస్తా నీళ్లకు గేటు లేదు. ఈ తేడా చిన్నది కాదు.

బాగ్‌బాన్
చౌరస్తా అన్నా, కాగితం మీద రెండింటి గీతా ఒకటే. చార్మినార్ నుంచి పోయే నాలుగు బాటలు ఊరినే నాలుగు మడులుగా కోశాయి. ఊరంతా ఒక చార్‌బాగ్ అనుకుంటే హౌజ్‌కు రెండర్థాలూ వర్తిస్తాయి. ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో రాజు షా అబ్బాస్ పెద్ద మైదాన్ మొదలుపెట్టింది 1598లో. మనది అంతకు ముందే. నమూనా అక్కడి నుంచి యథాతథంగా వచ్చిందనడానికి లేదు.

కోనేటిగట్టు
అన్నీ ఇరాన్‌కే కట్టబెట్టకండి. నాలుగు వైపులా మెట్లు, నడుమ నీరాళి మండపం ఉన్న కోనేరు ఈ నేల మీద కుతుబ్ షాహీల కన్నా ముందే ఉంది. నీటి నడుమ ఒక బిందువు, చుట్టూ దిక్కులు అన్న ఊహ ఇక్కడి జనానికి కొత్త కాదు. అందుకే ఇరానీ గీత ఇక్కడ పరాయిదనిపించలేదు.

చౌరస్తా
కోనేటిగట్టు సార్ మాట ఒప్పుకుంట. బాగ్‌బాన్ భాయ్ చెప్పినది సగం ఒప్పుకుంట. తోటగేటు గారిది పార్కు కాబట్టి వాళ్లకు చార్‌బాగ్ అర్థమే సరిగ్గ కుదురుతది. పేరు మాత్రం 'గుల్జార్ హౌజ్ మోడల్' అని కాకుండ 'చార్ సూ' అని పెట్టుకుంటే నిజాయితీ ఉంటది.

జలగణితం
అర్థం సంగతి తేలుతోంది కాబట్టి లెక్కలోకి దిగుతాను. 5 మీటర్ల తొట్టిలో 6 మీటర్ల ధార పనికిరాదు. ధార నుంచి తొట్టి అంచు ఎంత దూరమో, ధార ఎత్తు అంతకు మించకూడదు. ఇక్కడ ఆ దూరం రెండున్నర మీటర్లు. గాలి తగిలే చోట అందులో సగమే తీసుకోవాలి, అంటే సుమారు 1.2 మీటర్లు. జూన్, జూలైలో పడమటి గాలికి 6 మీటర్ల ధార తొట్టిలో పడదు, బెంచీల మీద పడుతుంది. తొట్టి రోజూ ఖాళీ అవుతుంది, మోటార్ గాలి పీల్చి కాలిపోతుంది.

నీటి ఖర్చు కూడా చూడండి. నాజిల్ నుంచి వచ్చే వేగం ఎత్తును బట్టి తేలుతుంది. 6 మీటర్లు లేవాలంటే సెకనుకు 10.8 మీటర్ల వేగం కావాలి, 20 మిల్లీమీటర్ల నాజిల్‌కు నిమిషానికి 200 లీటర్లు. పైపు నష్టాలు కలుపుకొని 10 మీటర్ల హెడ్ (మోటార్ నీటిని ఎత్తాల్సిన ఎత్తు), 1 హెచ్‌పీ మోటార్. అదే 1.2 మీటర్లకు వేగం 4.85 మీటర్లు. 8 మిల్లీమీటర్ల నాజిల్ అయితే నిమిషానికి 15 లీటర్లు చాలు.

ధార గాజుకడ్డీలా నిలవాలంటే నాజిల్ కింద, నాజిల్‌కు నీళ్లిచ్చే పైపు వ్యాసానికి కనీసం పది రెట్లు, వంపు లేని నిటారు పైపు ఉండాలి. ఎల్బో పెట్టి వెంటనే నాజిల్ బిగిస్తే నీరు సుడి తిరుగుతూ వచ్చి పైన చీలిపోతుంది. చాలా పార్కుల్లో ధార వంకరగా చిందడానికి ఇదే కారణం, నాజిల్‌ను తప్పుపడతారు.

తోటగేటు
1.2 మీటర్లు అంటే కమిటీ వాళ్లు 'ఇంతేనా' అంటారు. ఎత్తు లేకపోతే జనం చూస్తారా?

బాగ్‌బాన్
చూస్తారు. పాత తోటల్లో చూడదగ్గది ధార కాదు, నీటి అద్దం. చౌమహల్లా ప్యాలెస్‌లో భవనం ముందున్న నీటిని గుర్తు తెచ్చుకోండి. నీళ్లలో భవనం తలకిందులుగా కనిపించడమే అక్కడి అందం. ధార పొడుగైతే అలలు లేచి అద్దం పగిలిపోతుంది.

అద్దానికి మూడు షరతులు. నీటి మట్టం అంచుకు సమంగా ఉండాలి. అంచుకు ఒక అడుగు కిందికి పోతే నిలబడినవాడికి తొట్టి గోడే కనిపిస్తుంది, ఆకాశం కనిపించదు. తొట్టి అడుగుభాగం నల్లగా ఉండాలి. నీలం టైల్స్ వేస్తే అది ఈతకొలను అవుతుంది, చెట్టు నీడ పడదు. లైట్లు నీటి అడుగున కాకుండా చెట్ల మీదికి తిప్పాలి, అప్పుడు రాత్రి కూడా అద్దం పనిచేస్తుంది.

నల్లరాయి
అడుగుకు నల్ల గ్రానైట్ పలకలు వేయండి, మెరుగు పెట్టనివి. కడప నల్లరాయి చవక అని కాంట్రాక్టర్ అంటాడు. అది సున్నపురాయి జాతి. శుభ్రం చేసే మనిషి యాసిడ్ పోశాడంటే ఒక్క రోజులో తెల్లమచ్చలు పడతాయి. షాబాద్ రాయికీ అదే గతి. గ్రానైట్‌కు ఆ బెడద తక్కువ.

రసమట్టం
అందరూ ధార మీద మాట్లాడుతున్నరు. పని చెడేది కాలువల దగ్గర. నాలుగు నదులు అన్నరు కదా, నాలుగింటిలోనూ సమంగా నీళ్లు పారకపోతే ఆ మాటకు విలువ లేదు. సమంగా పారాలంటే తొట్టి నుంచి కాలువలోకి నీళ్లు దిగే నాలుగు గడపలు ఒకే మట్టంలో ఉండాలె.

ఎంత సమంగా అంటే చూడండి. గడప మీద 10 మిల్లీమీటర్ల మందం నీళ్లు పోతున్నయనుకుందాం. ఒక గడప 3 మిల్లీమీటర్లు ఎత్తయింది. అక్కడ నీటి మందం 7 మిల్లీమీటర్లే, ప్రవాహం దాదాపు 40 శాతం పడిపోతది. గడప 10 మిల్లీమీటర్లు ఎత్తయితే ఆ కాలువ పూర్తిగ ఎండుతది. సిమెంటు పనిల 10 మిల్లీమీటర్ల తేడా మేస్త్రీకి తప్పుగ కూడ కనిపించదు. అందుకే నాలుగు కాలువల ఫౌంటెన్లు కట్టిన మొదటి రోజు నుంచే రెండు కాలువల ఫౌంటెన్లు అవుతున్నయి.

చేయాల్సిన పని ఇది. గడపను సిమెంటుతో తీర్చిదిద్దకండి. కాలువ మొదట్ల 30 సెంటీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం స్టీలు పట్టీ పెట్టి, నిలువు కోల రంధ్రాలల్ల బోల్టులు వేయండి. పట్టీని కిందికీ పైకీ 15 మిల్లీమీటర్లు జరపగలగాలె. రసమట్టం (స్పిరిట్ లెవెల్) 5 మీటర్ల దూరానికి నమ్మదగ్గది కాదు, నీళ్ల లెవెల్ పైపుతో చూడండి. చివరి సర్దుబాటు మాత్రం తొట్టి నిండినంక నీటి మట్టాన్ని చూసే చేయాలె. నీళ్లకు మించిన లెవెల్ లేదు.

కమాన్‌దారి
రసమట్టం గారు చెప్పింది ఈ చర్చలో అన్నిటికన్నా విలువైన మాట. నాలుగు దిక్కులూ సమానమన్న ఊహను తాపీ పనిలోకి దింపితే ఆ స్టీలు పట్టీయే.

పంపుహౌస్
రసమట్టం లెక్క మీద మోటార్ తేల్చేద్దాం. 30 సెంటీమీటర్ల గడప మీద 10 మిల్లీమీటర్ల నీరు అంటే సెకనుకు సుమారు అర లీటరు. నాలుగు గడపలకు 2 లీటర్లు, నిమిషానికి 120. ఇందులో ధారకు పోయేది 15. మిగతా 105 లీటర్లు తొట్టి అడుగు నుంచి చప్పుడు లేకుండా రావాలి. లేదంటే అద్దం చెదురుతుంది. దానికి 63 మిల్లీమీటర్ల పైపు, చివర పైకి తిప్పి, మీద 30 సెంటీమీటర్ల పలక కప్పు. నీళ్లు పలకకు తగిలి పక్కలకు పాకుతాయి. ధారకు వేరే 25 మిల్లీమీటర్ల పైపు, దానికి వేరే వాల్వు.

హెడ్ 4 మీటర్లు దాటదు. అర హెచ్‌పీ మోటార్ ఎక్కువే. కాంట్రాక్టర్ 3 హెచ్‌పీ రాస్తే ఎందుకని అడగండి. పెద్ద మోటార్‌ను వాల్వుతో నొక్కిపెట్టి నడిపితే కరెంటు దండగ, బేరింగులు త్వరగా పోతాయి.

కాలువల చివర జాలి, దాని నుంచి నీరు సంపుకు. సంపులో ఖాళీ జాగా లెక్క మర్చిపోతారు. మోటార్ ఆపగానే తొట్టి మీది 10 మిల్లీమీటర్ల పొర కాలువల్లోకి దిగుతుంది. 5 మీటర్ల తొట్టికి అదే 196 లీటర్లు. కాలువల్లో పారుతున్నది ఇంకో 80 దాకా. కాబట్టి ఫౌంటెన్ నడుస్తున్నప్పుడు సంపులో కనీసం 500 లీటర్ల ఖాళీ ఉండాలి. లేదంటే సాయంత్రం మోటార్ ఆపిన ప్రతిసారీ సంపు పొంగుతుంది, ఉదయం మోటార్ వేసినప్పుడు నీళ్లు చాలవు. బోరు వాల్వు తిప్పి నింపుతారు, రాత్రి మళ్లీ పొంగుతుంది. ఈ చక్రం ఏళ్ల తరబడి నడిచే పార్కులున్నాయి.

తోటగేటు
కాలువ వాలు ఎంత ఇవ్వమంటారు?

జలగణితం
200కు 1. 8 మీటర్లకు 40 మిల్లీమీటర్లు. అర లీటరు ప్రవాహానికి కాలువలో 8 మిల్లీమీటర్ల మందం నీరు, సెకనుకు 20 సెంటీమీటర్ల నడక. పలచనే, కానీ కదులుతున్నట్టు కంటికి తెలుస్తుంది, మోటార్ ఆపితే పూర్తిగా ఎండుతుంది. లోతుగా కనిపించాలని వాలు తగ్గించి చివర అడ్డుకట్ట వేస్తే నీరు నిలుస్తుంది. నిలిస్తే ఏమవుతుందో దోమల సంగతి తెలిసినవాళ్లు చెప్తారు.

వానాకాలం
గుడ్డు నుంచి దోమ ఎగరడానికి వేడి రోజుల్లో 7 నుంచి 10 రోజులు చాలు. డెంగీ తెచ్చే ఈడిస్‌కు మురుగు అక్కర్లేదు, శుభ్రమైన నిలవ నీళ్లే కావాలి. కాబట్టి కాలువలు ఎండేలా ఉండటమే మేలు. తొట్టి నీటిని రోజూ రెండు పూటలా కదిలించండి. అంచుల్లో, మెట్టు మూలల్లో నీరు కదలదు, వారానికోసారి బ్రష్‌తో రుద్దాలి. గప్పీ చేపలు వేయొచ్చు. వేస్తే క్లోరిన్ వాడకూడదు. రెండూ చేస్తామంటే చేపలు తేలుతాయి. మోటార్ పీల్చే చోట 2 మిల్లీమీటర్ల కన్నాల జాలి తప్పనిసరి.

చౌరస్తా
పాతరోజుల్ల మోటార్ లేదు కదా, ధారలు ఎట్ల లేచినయ్? కమాన్‌దారి అన్నా, అది కూడ రాయండి. కమిటీకి ఆ ముచ్చట నచ్చుతది.

కమాన్‌దారి
ఎత్తులో నీటిని నిలవ చేసి కిందికి వదలడమే. గోల్కొండకు నీళ్లు దుర్గం చెరువు నుంచి వచ్చేవి. కోటలో పై అంతస్తులకు ఎద్దులు తిప్పే రాట్నాలతో మెట్టుమెట్టుగా ఎక్కించి తొట్లలో నింపేవారు. అక్కడి నుంచి గోడల్లో దాచిన మట్టి గొట్టాల్లో దించేవారు. ఆ గొట్టాలు కోట గోడలు విరిగిన చోట ఇప్పటికీ కనిపిస్తాయి. ఒక గొట్టం మూతి ఇంకోదాని నోట్లో దూర్చి సున్నంతో పూడ్చిన అతుకులు. మట్టి గొట్టం ఎక్కువ ఒత్తిడికి ఆగదు, అతుకు దగ్గర చీలుతుంది. అందుకే తక్కువ ఎత్తు ధారలు. ఆ వినయం వెనక మట్టి గొట్టం ఉంది, అభిరుచి ఒక్కటే కాదు.

బీజాపూర్‌లో దీనికే గంజ్ అనే నీటి బురుజులు కట్టారు. దూరం నుంచి వచ్చే నీరు బురుజు ఎక్కి దిగుతుంది. గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది, చిక్కుకున్న గాలి బయటికి పోతుంది, అడుగున మట్టి పేరుకుంటుంది.

నాలుగు ధారలు ఒకే ఎత్తున లేవాలంటే తాజ్‌మహల్ ఉపాయం వినండి. అక్కడ కాలువలోని ప్రతి ధార కింద ఒక రాగి కుండ పెట్టారు. సరఫరా గొట్టం నేరుగా ధారకు పోదు, కుండలోకి పోతుంది. కుండలన్నీ నిండాకే ధారలు లేస్తాయి, మొదటిదీ చివరిదీ ఒకే ఎత్తున. లేకపోతే గొట్టం మొదట్లోని ధార పొడుగ్గా, చివరిది పొట్టిగా ఉంటుంది.

పంపుహౌస్
ఇవాళ ఆ కుండ పని రింగు పైపు చేస్తుంది. ధారలు ఒకటికన్నా ఎక్కువైతే పైపును ఉంగరంలా చుట్టి రెండు వైపుల నుంచీ నీళ్లివ్వండి. ప్రతి ధారకూ చిన్న వాల్వు.

మొహల్లా
మసీదు హౌజ్‌లు కూడా ఈ చర్చకు చెందినవే. చార్మినార్ కింద కూడా వజూ (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం) కోసం చిన్న ఫౌంటెన్‌తో తొట్టి ఉంది. తొట్టి పరిమాణానికి శాస్త్రం ఉంది. కుతుబ్ షాహీలు షియాలు. షియా ధర్మంలో కుర్ అని ఒక కొలత, నిడివి, వెడల్పు, లోతు మూడున్నర జానల చొప్పున, సుమారు 380 లీటర్లు. అంతకు తగ్గని నీరు, దాని రంగు, రుచి, వాసన మారనంతవరకు శుద్ధమే. సున్నీలలో ఒక శాఖ అయిన హనఫీలకు పది మూరలు గుణించి పది మూరల తొట్టి. శుద్ధి అనే అర్థం కూడా లీటర్లలోనే కొలిచారు. రసమట్టం గారు మిల్లీమీటర్లలో కొలిచినట్టు.

డంగుసున్నం
పాత తొట్టి దేంతో కట్టారో ముందు చూడండి. గోకితే గులాబీ రంగు పొడి, ఇటుక ముక్కలు కనిపిస్తే అది సుర్ఖీ సున్నం. దాని మీద సిమెంటు గిలాబు వేయకండి. సిమెంటు గట్టిది, ఊపిరి ఆడనిది. లోపలి చెమ్మ బయటికి రాలేక ఉప్పులు పేరుకొని రెండు మూడు వానాకాలాల్లో పొర పొరగా ఊడుతుంది, పోతూ పోతూ పాత సున్నాన్నీ లాక్కుపోతుంది.

సున్నం పనికి సున్నం, ఇటుక పొడి, ఇసుక సమపాళ్లు. సున్నం కనీసం మూడు వారాలు నీళ్లలో నానాలి. ఇటుక పొడి బాగా కాలిన ఇటుకది కావద్దు, కొంచెం తక్కువ కాలినది. అదే సున్నంతో కలిసి నీటిలో కూడా గట్టిపడుతుంది. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లతో కలపాలి. మొదటి పొర 12 మిల్లీమీటర్లు, రెండోది 8, పైన 3 మిల్లీమీటర్ల నున్నటి పూత. ఒక్కో పొరకు మధ్య వారం. గోనెసంచులు తడిపి 28 రోజులు కప్పి ఉంచాలి. మే నెలలో ఈ పని పెట్టుకోవద్దు, ఎండకు పైపొర ముందే ఆరి వెంట్రుక పగుళ్లు తేలుతాయి. నవంబరు, డిసెంబరు మంచి కాలం.

కాంక్రీటుదిమ్మె
ప్రతి తొట్టికీ సున్నం అనడం ఒప్పుకోను. కాలనీ పార్కు తొట్టి సిమెంటుదే అయ్యుంటుంది. అయితే దాని మీద సున్నం వేసినా పట్టదు. పగులు వెంట వి ఆకారంలో 20 మిల్లీమీటర్లు కోసి, కుదించుకుపోని సిమెంటు గ్రౌటుతో నింపి, పైన రెండు కోట్ల వాటర్‌ప్రూఫ్ పూత వేయాలి. సున్నానికి 28 రోజులు తడుపు, నేర్పున్న మేస్త్రీ కావాలి. ఆ రెండూ లేకుండా సున్నం పేరుతో చేసేది సిమెంటు కన్నా అన్యాయంగా ఉంటుంది.

డంగుసున్నం
మీ చివరి మాట నిజం. నేను చెప్పింది పాత సున్నం తొట్టికే. సిమెంటు తొట్టి అయితే మీ పద్ధతే సరైనది.

తోటగేటు
మేకుతో గోకించి చూశాం. బూడిద రంగే, ఇటుక పొడి లేదు. నీళ్లు ఇంకుతున్నాయా, ఎండకు ఎగిరిపోతున్నాయా ఎలా తెలుస్తుంది?

కాంక్రీటుదిమ్మె
బకెట్ పరీక్ష. తొట్టి నింపండి. బకెట్‌లో అంతే ఎత్తు నీళ్లు పోసి, ఒక రాయి వేసి తొట్టిలోనే నిలబెట్టండి. లోపల, బయట మట్టాలకు గీత పెట్టండి. మోటార్ ఆపి 24 గంటలు వదిలేయండి. రెండూ ఒకేలా తగ్గితే ఎండ పని. బయటి గీత ఎక్కువ తగ్గితే తేడా అంతా కారుడు. మే నెలలో ఎండకే రోజుకు 8 నుంచి 10 మిల్లీమీటర్లు పోతుంది, మీ తొట్టికి 160 నుంచి 200 లీటర్లు. ఏ ఎత్తు దగ్గర తగ్గడం ఆగిపోతుందో చూస్తే పగులు అక్కడే ఉంటుంది.

బోరునీళ్లు
ఆ 200 లీటర్లూ బోరుతో నింపుతారు కదా, అసలు తంటా అదే. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. నెల తిరిగేసరికి నాజిల్ నోటి చుట్టూ తెల్లటి గట్టి పొర, నల్లరాయి మీద నీటి గీత. 8 మిల్లీమీటర్ల నాజిల్ 6 అయిపోతుంది, ధార ఒక పక్కకు వాలుతుంది. వారానికోసారి తొట్టిలో పదో వంతు, అంటే 900 లీటర్లు, చెట్లకు వదిలేసి కొత్త నీరు పట్టండి. ఇత్తడి నాజిల్ విప్పి, 20 లీటర్ల నీళ్లలో కిలో నిమ్మఉప్పు కలిపి అరగంట నానబెట్టండి. రాత్రంతా ఉంచితే ఇత్తడి ఎర్రబడుతుంది. సూదితో, మేకుతో పొడవకండి. నోరు గీరుకుపోతే ధార ఇక నిటారుగా రాదు. కమిటీ హాలు మిద్దె మీది వాననీటిని వడకట్టి సంపులో నింపగలిగితే ఈ బాధ సగానికి సగం తగ్గుతుంది.

కరెంటుతీగ
నీటిలో ఏ లైటూ 12 వోల్టులు దాటకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ తొట్టికి దూరంగా పొడి పెట్టెలో. మోటార్ లైనుకు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్), విడి ఎర్తింగ్. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి పడుతుందో లేదో చూడాలి. మోటార్ తొట్టిలో వద్దు, పక్కన గదిలో. పిల్లలు చేతులు పెట్టే నీళ్లివి. కమిటీ ఖర్చు తగ్గించమంటే లైట్లు తీసేయండి, ఆర్‌సీసీబీ మాత్రం తీయొద్దు.

తోటగేటు
మార్చిన నక్షా ఇది. ధార 1.2 మీటర్లు, నాజిల్ 8 మిల్లీమీటర్లు. అర హెచ్‌పీ మోటార్ పక్క గదిలో. నల్ల గ్రానైట్ అడుగు. నాలుగు గడపలకు జరిపే స్టీలు పట్టీలు. కాలువ వాలు 200కు 1. సంపులో 500 లీటర్ల ఖాళీ. లైట్లు చెట్ల మీదికి. పేరు 'చార్ సూ'. ఒక చిక్కు మిగిలింది. పార్కు నడక దారులు సరిగ్గా దిక్కులకు లేవు, 20 డిగ్రీలు పక్కకు తిరిగి ఉన్నాయి. కాలువలు దారులకు కలపాలా, దిక్కులకా?

బాగ్‌బాన్
దారులకే కలపండి. చార్‌బాగ్‌లో నీరూ నడకా జంటగా పోతాయి. కాలువ ఒకవైపు, కాలిబాట ఒకవైపు పోతే ప్రతి ఒక్కరూ కాలువ దాటుతూ తొక్కుతారు.

చౌరస్తా
నేను దిక్కులకే అంట. పేరు చార్ సూ అని పెట్టి దిక్కు తప్పిస్తే ఎట్ల? చిన్న పలక వంతెనలు వేస్తే తొక్కుడు బాధ ఉండదు.

కమాన్‌దారి
రెండూ నిలబెట్టొచ్చు. కాలువలు దారుల వెంట పోనివ్వండి. తొట్టి అంచు రాతి మీద నాలుగు అసలు దిక్కుల దగ్గర తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని తెలుగులో, ఉర్దూలో చెక్కించండి. ఉత్తరం దిక్సూచితో చూస్తే హైదరాబాద్‌లో తేడా లెక్కలోకి రానంత తక్కువ.

చౌరస్తా
ఇది మంచిగుంది. ఒప్పుకుంట.

రసమట్టం
మొదటిసారి నింపేటప్పుడు రోజుకు 10 సెంటీమీటర్ల చొప్పున నింపండి, ఒక్కసారే వద్దు. నిండినంక పట్టీలు సరిచేసి, నలుగురిని నాలుగు గడపల దగ్గర నిలబెట్టండి. తలా గుప్పెడు బంతిపూల రెక్కలు ఇవ్వండి, ఒకేసారి కాలువలోకి వదలమనండి. 8 మీటర్లు దాటడానికి 40 సెకన్లు, కొంచెం అటూ ఇటూ. నాలుగు కాలువల మధ్య తేడా 5 సెకన్ల లోపు ఉంటే మట్టం కుదిరినట్టు. ఏ కాలువ రెక్కలు వెనకబడితే ఆ పట్టీని ఒక మిల్లీమీటరు దించి మళ్లీ వదలండి. రెక్కలు జాలి దగ్గర చేత్తో ఏరేయండి, సంపులోకి పోనీయొద్దు.